మోకాలి మార్పిడి: అమెరికాలో ఒకలా, స్వీడన్‌లో ఇంకోలా.. మరి మన దగ్గర? ఆపరేషన్‌కు ముందు డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్నలివే!

మోకాళ్ల నొప్పి ఎక్కడైనా ఒకటే. ఆపరేషన్ పేరూ ఒకటే. కానీ చేసే పద్ధతి మాత్రం దేశానికో రకం, ఒక్కోసారి ఆస్పత్రికో రకం. ఎందుకిలా? ఇందులో ఏది కరెక్ట్? మన ఇంట్లో పెద్దవాళ్లకు ఆపరేషన్ అవసరమైతే ఏం తెలుసుకోవాలి? పూర్తి వివరాలు చూద్దాం..

ఇప్పుడు చాలా తెలుగు ఇళ్లలో కనిపిస్తున్న సీన్ ఇది. అమ్మకు రెండు మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది. హైదరాబాద్‌లో చూపిస్తే 'రెండూ ఒకేసారి మార్చేద్దాం' అన్నారు డాక్టర్. అమెరికాలో ఉన్న కొడుకు అక్కడ తెలిసిన డాక్టర్‌ను అడిగితే 'ముందు ఒకటి చేయించండి, కొన్ని నెలలాగి రెండోది చూద్దాం' అన్నారు. సెకండ్ ఒపీనియన్ కోసం విజయవాడ వెళ్తే 'రోబోతో చేయించుకోండి' అని సలహా ఇచ్చారు. ఇక ఇంట్లో ఒకటే టెన్షన్. ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పారంటే, ఎవరో ఒకరు తప్పు చెబుతున్నట్టేగా అని అనుమానం.

అలా అనుకోవాల్సిన పనిలేదు. మోకాలి మార్పిడిలో డాక్టర్లందరూ ఒప్పుకునే విషయాలు చాలానే ఉన్నాయి. ఒప్పుకోని విషయాలు కూడా ఉన్నాయి. ఆ రెండో రకం దగ్గరే ప్రాంతాన్ని బట్టి, నేర్చుకున్న చోటును బట్టి పద్ధతులు మారిపోతున్నాయి.

వాజ్‌పేయి మోకాళ్లు గుర్తున్నాయా?

మన దేశంలో మోకాలి మార్పిడి గురించి ఇంటింటా మాట్లాడుకునేలా చేసింది అప్పటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ఆపరేషన్. 2000 అక్టోబర్‌లో ముంబయిలోని బ్రీచ్ క్యాండీ ఆస్పత్రిలో ఆయన ఎడమ మోకాలు మార్చారు. కుడి మోకాలికి 2001 జూన్‌లో ఆపరేషన్ జరిగింది. న్యూయార్క్ నుంచి వచ్చిన భారత సంతతి సర్జన్ డాక్టర్ చిత్తరంజన్ రణావత్ ఆ రెండూ చేశారు.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే.. దేశ ప్రధానికి రెండు మోకాళ్లూ ఒకేసారి చేయలేదు. మధ్యలో ఎనిమిది నెలల గ్యాప్ ఉంది. ఇప్పుడు అదే వయసు వాళ్లకు కూడా మన నగరాల్లో రెండూ ఒకే పూటలో చేస్తున్న ఆస్పత్రులు ఎన్నో ఉన్నాయి. అంటే పద్ధతి కాలంతోనూ మారుతుంది, చోటుతోనూ మారుతుంది.

అసలు ఈ ఆపరేషన్‌లో ఏం చేస్తారు?

చాలామంది మోకాలు మొత్తం తీసేసి కొత్తది పెడతారని అనుకుంటారు. నిజానికి అలా కాదు. తొడ ఎముక కింది చివర, కాలి ఎముక పై చివర అరిగిపోయిన పొరను కొన్ని మిల్లీమీటర్ల మందం మేర కోసేస్తారు. ఆ రెండు చోట్లా లోహపు తొడుగులు బిగిస్తారు. వాటి మధ్యలో గట్టి ప్లాస్టిక్ ముక్క పెడతారు. అరిగిన పంటికి క్యాప్ వేయడం లాంటిదే ఇది.

ఇంతవరకు ప్రపంచమంతా ఒకటే. ఆ తర్వాత నుంచే తేడాలు మొదలవుతాయి.

తేడా 1: మోకాలి చిప్పను ముట్టుకోవాలా, వద్దా?

మోకాలి ముందు భాగంలో మన చేతికి తగిలే గుండ్రటి ఎముకే మోకాలి చిప్ప. దాని లోపలి వైపు అరిగితే ఒక చిన్న ప్లాస్టిక్ బిళ్ల అతికించవచ్చు. అతికించాలా, అలాగే వదిలేయాలా? ఈ ఒక్క ప్రశ్నకు దేశాలు ఇచ్చే జవాబులు చూస్తే ఆశ్చర్యపోతారు.

2004 నుంచి 2014 వరకు వివిధ దేశాల లెక్కలను పక్కపక్కన పెట్టి చూశారు పరిశోధకులు. అమెరికాలో సగటున 82 శాతం ఆపరేషన్లలో చిప్పకు బిళ్ల వేశారు. నార్వేలో వేసింది 4 శాతం మాత్రమే! స్వీడన్‌లో అదే కాలంలో ఈ అలవాటు 15 శాతం నుంచి 2 శాతానికి పడిపోయింది. ఆస్ట్రేలియాలో రివర్స్.. 44 శాతం నుంచి 59 శాతానికి పెరిగింది.

అన్ని చోట్లా చదివేది దాదాపు అవే పరిశోధనలు. మరి ఇంత తేడా ఎలా వచ్చింది? బిళ్ల వేస్తే తర్వాత మోకాలి ముందు నొప్పి తగ్గుతుందని, మళ్లీ ఆపరేషన్ అవసరం తగ్గుతుందని ఒక వర్గం వాదన. బిళ్ల వేయడానికి చిప్పను కోయాలి, దానివల్ల చిప్ప పలచబడి విరిగే రిస్క్ ఉంటుందని, బిళ్ల ఊడొచ్చని ఇంకో వర్గం వాదన.

ఇందులో ఒక మెలిక కూడా ఉంది. బిళ్ల వేయని పేషెంట్‌కు తర్వాత నొప్పి వస్తే, 'బిళ్ల వేసి చూద్దాం' అని డాక్టర్ రెండోసారి ఆపరేషన్ చేయడానికి అవకాశం ఉంటుంది. ముందే వేసిన పేషెంట్‌కు నొప్పి వస్తే అలా చేయడానికి ఏమీ మిగలదు. కాబట్టి రెండో ఆపరేషన్ల లెక్క ఒక్కటే చూసి ఏది మంచిదో తేల్చేయడం కష్టం. అయినా బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల సంస్థ నైస్ 2020లో ఒక వైపు మొగ్గింది. మోకాలు మార్చేటప్పుడు చిప్పకూ బిళ్ల వేసే అవకాశం పేషెంట్లకు ఇవ్వాలని సూచించింది.

తేడా 2: ఒకే ఆస్పత్రిలో పుట్టిన రెండు దారులు

మోకాలి లోపల వెనక వైపు ఒక బలమైన లిగమెంట్ ఉంటుంది. కాలి ఎముక వెనక్కి జారకుండా అదే ఆపుతుంది. ఆపరేషన్‌లో దీన్ని ఉంచాలా, తీసేయాలా అన్నది 50 ఏళ్లుగా నడుస్తున్న చర్చ.

ఈ కథ 1970ల్లో న్యూయార్క్‌లోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో మొదలైంది. 1974లో డాక్టర్ జాన్ ఇన్‌సాల్ టీమ్ తెచ్చిన డిజైన్‌లో ఆ లిగమెంట్‌ను తీసేసేవారు. ఆ టీమ్‌లో మనం పైన చెప్పుకున్న రణావత్ కూడా ఉన్నారు. అదే ఆస్పత్రిలో, దాదాపు అదే టైమ్‌లో లిగమెంట్‌ను కాపాడే ఇంకో డిజైన్ కూడా తయారైంది. దాన్ని బోస్టన్ సర్జన్లు అందుకుని ముందుకు తీసుకెళ్లారు. అలా న్యూయార్క్ దగ్గర నేర్చుకున్నవాళ్లది ఒక దారి, బోస్టన్ దగ్గర నేర్చుకున్నవాళ్లది ఇంకో దారి అయింది. గురువు ఏది చేస్తే శిష్యుడు అదే చేస్తాడు కదా!

ఇప్పటికీ స్వీడన్, నార్వే, ఆస్ట్రేలియాల్లో లిగమెంట్‌ను ఉంచే పద్ధతిదే పైచేయి. అమెరికాలో రెండూ గట్టిగా నడుస్తున్నాయి. మన దేశంలో మాత్రం తీసేసి, ఆ పని చేసే ప్రత్యేక ఇంప్లాంట్ పెట్టే పద్ధతినే ఎక్కువ మంది సర్జన్లు వాడుతున్నారు. దీనికి ఒక కారణం ఉంది. మన దగ్గర పేషెంట్లు చాలా ఆలస్యంగా వస్తారు. అప్పటికే కాళ్లు బాగా వంగిపోయి ఉంటాయి. వంకర ఎక్కువైనప్పుడు లిగమెంట్‌ను ఉంచి కాలిని సరిచేయడం కష్టమవుతుంది.

తేడా 3: సగం మోకాలు మారిస్తే చాలదా?

చాలామందికి మోకాలు మొత్తం అరగదు. లోపలి వైపు మాత్రమే అరుగుతుంది. అలాంటప్పుడు ఆ ఒక్క వైపే మార్చవచ్చు. దీన్నే పార్షియల్ నీ రీప్లేస్‌మెంట్ అంటారు. దీనికి బాగా పేరు తెచ్చింది బ్రిటన్‌లోని ఆక్స్‌ఫర్డ్. బ్రిటన్‌లో ప్రతి 10 మోకాలి మార్పిడుల్లో దాదాపు ఒకటి ఇలాంటిదే. డెన్మార్క్‌లో ఇంకా ఎక్కువ.

బ్రిటన్‌లోనే 528 మంది పేషెంట్లపై ఓ పెద్ద పరీక్ష జరిగింది. సగం మందికి పార్షియల్, సగం మందికి టోటల్ చేసి ఐదేళ్లు గమనించారు. 2019లో ఫలితాలు వచ్చాయి. నొప్పి, నడక విషయంలో రెండూ దాదాపు సమానం. ఖర్చు మాత్రం పార్షియల్‌కే తక్కువ.

మరి అందరూ అదే ఎందుకు చేయరు? ఇది చేయడానికి చేతివాటం కావాలి, అలవాటు ఉండాలి. ఏడాదికి ఒకటీ అరా చేసే చోట కంటే, తరచూ చేసే చోట ఫలితాలు బాగుంటాయి. పైగా ఎక్కువ కాలం చూస్తే పార్షియల్ చేసిన వాళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమయ్యేవారు ఎక్కువ. ఆస్ట్రేలియా, ఫిన్‌లాండ్ రికార్డుల ఆధారంగా 2019లో లాన్సెట్ జర్నల్‌లో వచ్చిన లెక్క ప్రకారం.. టోటల్ మోకాళ్లలో 82 శాతం, పార్షియల్ మోకాళ్లలో 70 శాతం 25 ఏళ్లు పనిచేస్తాయి.

తేడా 4: కాలిని స్కేల్ పెట్టినట్టు నిటారుగా చేయాలా?

చాలా ఏళ్లు సర్జన్లకు నేర్పిన రూల్ ఒకటే. తుంటి, మోకాలు, చీలమండ.. మూడూ ఒకే సరళరేఖ మీద ఉండాలి. కానీ 2012లో బెల్జియం పరిశోధకులు ఏ నొప్పీ లేని 250 మంది యువతీయువకుల కాళ్లు కొలిచారు. మగవాళ్లలో 32 శాతం, ఆడవాళ్లలో 17 శాతం మందికి సహజంగానే కాళ్లు మూడు డిగ్రీలు, అంతకంటే ఎక్కువ బయటకు వంగి ఉన్నాయి!

మన భాషలో దొడ్డికాళ్లు అంటాం కదా, దాని తేలికపాటి రూపం అన్నమాట. ఆసియా వాళ్లలో ఇలాంటి వంపు ఎక్కువగా కనిపిస్తుంది. మరి జీవితమంతా కొద్దిగా వంగిన కాలితో నడిచిన మనిషికి 60 ఏళ్లు దాటాక ఒక్కసారిగా స్కేల్ పెట్టినట్టు నిటారుగా చేస్తే సహజంగా ఉంటుందా? ఈ ప్రశ్న నుంచే 'ఎవరి కాలి తీరును బట్టి వాళ్లకు' అనే కొత్త పద్ధతి వచ్చింది. కాలిఫోర్నియాలోని కొందరు సర్జన్లు మొదట దీన్ని గట్టిగా ముందుకు తెచ్చారు. ఇప్పుడు చాలా దేశాల్లో వాడుతున్నారు. పాత రూల్‌నే నమ్మే సర్జన్లూ అన్ని చోట్లా ఉన్నారు.

తేడా 5: సిమెంట్, రోబో

ఇంప్లాంట్‌ను ఎముకకు అంటించడానికి బోన్ సిమెంట్ వాడతారు. స్వీడన్‌లో ఏళ్ల తరబడి దాదాపు అన్ని ఆపరేషన్లూ సిమెంట్‌తోనే చేశారు. ఆస్ట్రేలియాలో మాత్రం సిమెంట్ లేకుండా ఎముకే ఇంప్లాంట్‌ను పట్టుకునేలా చేసే రకం కూడా చాలా కాలంగా ఉంది. అమెరికాలో ఈ రకం ఇప్పుడు పెరుగుతోంది.

ఇక రోబో సంగతి. ఆస్ట్రేలియాలో ఇటీవలి సంవత్సరాల్లో దాదాపు మూడో వంతు ఆపరేషన్లు రోబో సాయంతో జరుగుతున్నాయి. స్వీడన్‌లో ఇది చాలా తక్కువ. మన నగరాల్లో ఎక్కడ చూసినా రోబో హోర్డింగులే. రోబో అంటే మనిషి లేకుండా మిషనే చేసేస్తుందని అపోహ పడొద్దు. కోత ఎక్కడ, ఎంత లోతు అన్నది కచ్చితంగా ఉండేలా సర్జన్ చేతికి సాయం చేస్తుంది, అంతే. కోత కచ్చితత్వం పెరుగుతుందన్నది నిజం. అయితే దానివల్ల పదేళ్లు, ఇరవై ఏళ్ల తర్వాత నొప్పి తక్కువగా ఉంటుందని, మోకాలు ఎక్కువ కాలం మన్నుతుందని ఇంకా గట్టిగా రుజువు కాలేదు.

తేడా 6: రెండూ ఒకేసారా? ఎన్ని రోజులు ఆస్పత్రిలో?

రెండు మోకాళ్లూ ఒకేసారి మార్చడం మన దేశంలో మామూలైపోయింది. అమెరికా, యూరప్‌లో అలా చేసేది తక్కువ మందికే. ఒకేసారి చేస్తే మత్తు ఒక్కసారే, ఆస్పత్రి ఖర్చు ఒక్కసారే, ఇంట్లో వాళ్లు సెలవు పెట్టాల్సిందీ ఒక్కసారే. ఊరి నుంచి వచ్చే కుటుంబాలకు ఇది పెద్ద ఊరట. పైగా రెండు కాళ్లూ వంగిపోయిన మనిషికి ఒకటే సరిచేస్తే కాళ్ల పొడవులో తేడా వచ్చి నడక ఇబ్బందిగా ఉంటుంది. కానీ రక్తం ఎక్కువ పోతుంది. గుండె, ఊపిరితిత్తుల మీద భారం పెరుగుతుంది. అందుకే గుండె జబ్బు ఉన్నవాళ్లకు, బాగా వయసు మీద పడినవాళ్లకు విడివిడిగా చేయడమే మంచిదని ఎక్కువ మంది డాక్టర్లు చెబుతారు.

ఆస్పత్రిలో ఉండే రోజుల్లోనూ ఇంతే తేడా. డెన్మార్క్‌లో డాక్టర్ హెన్రిక్ కెలెట్ మొదలుపెట్టిన 'ఫాస్ట్ ట్రాక్' పద్ధతిలో ఆపరేషన్ అయిన కొన్ని గంటలకే నడిపిస్తారు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపిస్తారు. అమెరికాలో 2018 వరకు పెద్దవాళ్ల బీమా పథకం మెడికేర్ ఈ ఆపరేషన్‌ను అడ్మిట్ అయితేనే చేయాల్సిన జాబితాలో పెట్టింది. ఆ ఏడాది నుంచి జాబితాలో తీసేశాక, అదే రోజు ఇంటికి వెళ్లేవాళ్ల సంఖ్య పెరిగింది. జపాన్‌లో మాత్రం రెండు మూడు వారాలు ఆస్పత్రిలోనే ఉంచి నడక నేర్పించి పంపడం అలవాటు. మోకాలు అదే, ఇంప్లాంట్ అదే. మారింది బీమా, ఆస్పత్రుల వ్యవస్థ!

ఇంతకీ ఈ తేడాలు ఎందుకు?

అమెరికాలో జాన్ వెన్‌బర్గ్ అనే డాక్టర్ 1970ల నుంచి ఇదే విషయం తవ్వి తీశారు. పక్కపక్క ఊళ్లలో, ఒకే రకం జనాభా ఉన్నా ఆపరేషన్ల సంఖ్యలో భారీ తేడాలు ఉండటం ఆయన గమనించారు. పేషెంట్ల జబ్బు కంటే అక్కడి డాక్టర్ల అలవాటే దీనికి ముఖ్య కారణమని తేల్చారు. ప్రతి ప్రాంతానికీ ఒక 'సర్జికల్ సిగ్నేచర్' ఉంటుందని చెప్పారు. అంటే సంతకం లాగా, ఆ ప్రాంతం డాక్టర్ల ముద్ర అన్నమాట. మోకాలి మార్పిడిలోనూ ఆ ముద్ర కనిపించింది.

మోకాళ్ల విషయంలో ముఖ్యంగా నాలుగు కారణాలు చెప్పుకోవచ్చు. ఒకటి, సర్జన్ ఎక్కడ నేర్చుకున్నారు అన్నది. రెండు, డబ్బు ఎవరు కడుతున్నారు అన్నది. మూడు, జనం శరీర తీరు, జీవన విధానం. మనవాళ్లు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. పొలంలో, వంటింట్లో, బాత్రూంలో గొంతుకూర్చుంటారు. కాబట్టి మోకాలు ఎంత వంగుతుందన్నది మనకు ముఖ్యం. నార్వేలో కుర్చీలో కూర్చుని లేచే పేషెంట్‌కు అది అంత పెద్ద విషయం కాదు.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైంది.. లెక్కలు. స్వీడన్ 1975లోనే మోకాలి ఆపరేషన్ల జాతీయ రిజిస్ట్రీ మొదలుపెట్టింది. ప్రపంచంలో ఇదే మొదటిది. ఎవరికి ఏ ఇంప్లాంట్ పెట్టారు, ఎన్నేళ్లకు ఫెయిల్ అయింది అన్నది అందులో ఉంటుంది. ఆస్ట్రేలియా 1999లో, బ్రిటన్ 2003లో అదే బాట పట్టాయి. ఫలితాలు బాగాలేని ఇంప్లాంట్ ఏదైనా ఉంటే ఆ లెక్కల్లో బయటపడుతుంది, సర్జన్లు దాన్ని వదిలేస్తారు.

మన దగ్గర ఇండియన్ సొసైటీ ఆఫ్ హిప్ అండ్ నీ సర్జన్స్ 2006 నుంచి రిజిస్ట్రీ నడుపుతోంది. కానీ అందులో వివరాలు ఇవ్వడం డాక్టర్ల ఇష్టం, తప్పనిసరి కాదు. అందుకే 'మన వాళ్లకు ఏ పద్ధతి బాగా పనిచేస్తోంది' అన్న ప్రశ్నకు మనం ఇంకా ఎక్కువగా విదేశాల లెక్కల మీదే ఆధారపడాల్సి వస్తోంది. అక్కడి కుర్చీ జీవితానికి సరిపోయిన జవాబు, మన నేల మీది జీవితానికి సరిపోతుందో లేదో తేలాలంటే మన లెక్కలు మనకు ఉండాలి.

ధర విషయంలో మాత్రం మన దేశం పెద్ద నిర్ణయమే తీసుకుంది. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ ఎన్‌పీపీఏ మోకాలి ఇంప్లాంట్ల ధరలకు కళ్లెం వేసింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం ఇంప్లాంట్‌కు అప్పట్లో రూ.54,720, టైటానియం రకానికి రూ.76,600 గరిష్ఠ ధరగా పెట్టింది. జీఎస్టీ అదనం. అంటే బిల్లులో ఇంప్లాంట్ రేటుకు లిమిట్ ఉంది. ప్యాకేజీలో మిగతా చార్జీలు ఎందుకో, ఎంతో విడిగా అడిగి తెలుసుకోవచ్చు.

డాక్టర్‌ను ఏం అడగాలి?

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఈ ప్రశ్నలు రాసుకుని వెళ్లండి.

* నాకు ఇప్పుడే ఆపరేషన్ అవసరమా? వ్యాయామం, బరువు తగ్గడం, మందులతో కొంతకాలం చూడొచ్చా?
* నా మోకాలు మొత్తం అరిగిందా, ఒక వైపేనా? పార్షియల్ నాకు పనికొస్తుందా? మీరు అవి తరచూ చేస్తారా?
* చిప్పకు బిళ్ల వేస్తారా? వేస్తే ఎందుకు, వేయకపోతే ఎందుకు?
* రెండూ ఒకేసారి అంటున్నారు, నా గుండె, షుగర్, బీపీ చూశాకే చెబుతున్నారా?
* రోబోకు అదనంగా ఎంత? అది లేకుండా మీరు చేస్తే నాకు ఏం తేడా?
* ఏ కంపెనీ ఇంప్లాంట్, ఏ రకం? దాని స్టిక్కర్ నా ఫైల్‌లో అతికిస్తారా?
* ఆపరేషన్ తర్వాత నేల మీద కూర్చోవచ్చా? ఎన్నాళ్లకు?

మొదటి ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. డెన్మార్క్‌లో 100 మంది పేషెంట్ల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకే నొప్పి బాగా తగ్గింది, అది నిజం. కానీ తీవ్రమైన ఇబ్బందులు కూడా వాళ్లలోనే ఎక్కువ. ఇక ఆపరేషన్ లేకుండా వ్యాయామం, డైట్, మందులతో చూసినవాళ్లలో నలుగురిలో ముగ్గురు ఏడాది తర్వాత కూడా ఆపరేషన్ దాకా వెళ్లలేదు. అంటే సాధారణంగా ఇది అర్జెంట్ ఆపరేషన్ కాదు. ఆలోచించుకోవడానికి టైమ్ ఉంటుంది. 'ఈ వారమే ఆఫర్' అన్న మాట విని కంగారు పడొద్దు. అలాగని కాలు పూర్తిగా వంకరపోయి, మంచం పట్టేదాకా ఆగడమూ మంచిది కాదు.

రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ ఆరోగ్య పథకం, లేదా ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్నవాళ్లు డబ్బు కట్టే ముందే ఆస్పత్రిలోని హెల్ప్ డెస్క్‌లో అడిగి, తమ కార్డుకు ఏది వర్తిస్తుందో కనుక్కోవాలి.

చివరగా..

అమెరికా డాక్టర్, హైదరాబాద్ డాక్టర్, విజయవాడ డాక్టర్ మూడు రకాలుగా చెప్పినా ముగ్గురూ సరిగ్గానే చెబుతూ ఉండొచ్చు. ఎవరి అనుభవం వాళ్లది. అందుకే 'ఏ పద్ధతి గొప్పది' అని అడగడం కంటే 'నాకు ఈ పద్ధతే ఎందుకు' అని అడగండి. ఆ ప్రశ్నకు ఓపిగ్గా కూర్చోబెట్టి, మీ ఎక్స్‌రే చూపించి, మీ వయసు, మీ గుండె, మీ ఇంటి పరిస్థితి లెక్కలోకి తీసుకుని జవాబు చెప్పే డాక్టర్ దొరికితే సగం టెన్షన్ తగ్గినట్టే. 'అందరికీ ఇలాగే చేస్తాం' అన్న జవాబు వస్తే మాత్రం, ఇంకొకరిని అడిగి చూడటంలో తప్పు లేదు.

గమనిక: ఈ కథనంలోని సమాచారం అవగాహన కోసం మాత్రమే. మీ ఆరోగ్య సమస్యకు తప్పనిసరిగా ఆర్థోపెడిక్ నిపుణులను సంప్రదించి, వారి సలహా మేరకే నిర్ణయం తీసుకోండి.